1.3 గుర్రాలకి 12 వేలు, పైగా నెలకి వెయ్యి వడ్డీ

ఇప్పుడే ఉప్పల్‌లో బంకు నుంచి వచ్చాను. ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ లెక్క, వరసగా మూడోసారి. లీటరుకి 28. ట్యూనింగ్ చేయించక ముందు ఇదే బండి (నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350), ఇదే దారి, ఇదే బంకు, 34 ఇచ్చేది. హెల్మెట్ కూడా తీయకుండా గేటు దగ్గర నిలబడి టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

"పవరూ పెరుగుతది అన్నా, మైలేజీ పెరుగుతది, డైనో మీద పెట్టి చేస్తం, గ్రాఫ్ చేతికిస్తం" అన్నాడు ఆ ట్యూనర్. డైనో అంటే బండి పవర్ కొలిచే యంత్రం. అవ్వా కావాలి, బువ్వా కావాలి అనుకున్నది నేనే, ఆ మాత్రం తప్పు ఒప్పుకుంటాను. కానీ 12 వేలు తీసుకుని అవ్వనీ బువ్వనీ రెంటినీ పట్టుకుపోయినవాణ్ని ఏమనాలి?

ఆ రోజు చూడాలి హడావుడి. బండి ముందు చక్రాన్ని క్లాంపులో బిగించి, వెనక చక్రాన్ని డ్రమ్ము మీద పెట్టి, రెండు పక్కలా బెల్టులతో కట్టేసి, ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర పెట్టే ఫ్యాను ఒకటి ఇంజిన్ ముందు పెట్టారు. ఒక పిల్లాడు ఎక్కి ఫుల్ థ్రాటిల్ తిప్పాడు. షట్టరు ఊగింది, టైరు కాలిన వాసన, పక్కన టీ కొట్టాయన గ్లాసు పట్టుకుని వచ్చి మరీ చూశాడు. ఇంత గోల జరిగితే ఏదో జరిగిందనే అనుకుంటాం కదా.

కాగితం ఇచ్చాడు. నీలం గీత ముందుది, ఎర్ర గీత తర్వాతది. ముందు 17.6 గుర్రాలు, అంటే హార్స్‌పవర్, తర్వాత 18.9. ఎర్ర గీత నీలం గీత నెత్తిన పెళ్లికొడుకులా కూర్చుంది. నా క్లాసిక్ 350కి కంపెనీ చెప్పేది 20.2 గుర్రాలు, అది ఇంజిన్ దగ్గర లెక్క. గేర్‌బాక్సూ చైనూ టైరూ వాటి వాటా అవి తినేశాక వెనక చక్రానికి మిగిలేది ఎప్పుడైనా తక్కువే, కాబట్టి 17.6 మీద నాకు అనుమానం లేదు. మురిసిపోయి ఆ కాగితాన్ని స్టేటస్ కూడా పెట్టాను. మీలో 40 మంది నిప్పు బొమ్మలు పెట్టారు, అందరూ వెనక్కి తీసుకోండి.

ఎందుకంటే నిన్న రాత్రి నిద్ర పట్టక ఆ కాగితం కింద మూలనున్న చీమతల అక్షరాలు చదివాను. నీలం గీత దగ్గర ఎస్‌ఏఈ, ఎర్ర గీత దగ్గర ఎస్‌టీడీ. తెలియనివాళ్ల కోసం: గాలి పలచగా ఉంటే, వేడిగా ఉంటే ఇంజిన్‌కి ఊపిరి తక్కువ. మన హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, పైగా ఎండలు. అందుకని డైనో కంప్యూటరు వాతావరణాన్ని బట్టి ఒక దిద్దుబాటు లెక్క వేస్తుంది. ఆ లెక్కల్లో రకాలున్నాయి. ఎస్‌టీడీ అనేది ఎస్‌ఏఈ కంటే సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. అంటే నా బండిని ముట్టుకోకుండా సెట్టింగ్ ఒక్కటి మారిస్తే 17.6 కాస్తా 18.3 అయిపోతుంది. మిగిలిందెంత? 0.6. అది కూడా ఆ రోజు బెల్టు ఎంత బిగించారో, టైరులో గాలి ఎంతుందో అన్న తేడాల్లో కొట్టుకుపోయేంత.

డైనో అంటే తూకం, అంతే. త్రాసు మీద పెడితే బియ్యం పెరగవు. కిరాణా కొట్లో త్రాసు మీద వేలు పెట్టేవాణ్ని పట్టుకుని నాలుగు తిడతాం, వీడికేమో ఎదురు జీఎస్టీ కూడా కట్టి వచ్చాను.

సరే, పవర్ పోనీయండి. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి పోయేవాడికి పవర్ ఎక్కడ వాడే మొహం? హబ్సిగూడ, తార్నాక, బేగంపేట, పంజాగుట్ట, అంతా సెకండు గేరూ థర్డు గేరే. ఔటర్ రింగ్ రోడ్డు మీద పోదామంటే టూ వీలర్లని ఎక్కనివ్వరు. నా బతుకంతా పావు థ్రాటిల్, 3000 ఆర్‌పీఎమ్. మైలేజీ పుట్టేదీ చచ్చేదీ అక్కడే. మరి ఈ మహానుభావుడు అక్కడ ట్యూన్ చేశాడా? చెయ్యలేడు! వాడి దగ్గరున్నది ఉత్త బరువైన డ్రమ్ము. దాన్ని చక్రం ఎంత త్వరగా తిప్పగలిగిందో చూసి టార్క్ లెక్కగట్టి, దాన్నుంచి గుర్రాలు తీస్తుంది. ఫుల్ థ్రాటిల్ పరుగు కొలవడానికి అది చాలు. కానీ బండిని 3000 దగ్గర, పావు థ్రాటిల్‌లో, రోడ్డు మీద ఉన్నట్టే లోడు పెట్టి పట్టి ఉంచాలంటే బ్రేకు ఉన్న డైనో కావాలి. అప్పుడే మ్యాపులో, అంటే ఏ థ్రాటిల్‌కి ఏ ఆర్‌పీఎమ్‌కి పెట్రోలు ఎంతో చెప్పే పట్టికలో, ఒక్కో గడి దగ్గర ఆగి పెట్రోలు ఎంత పోయాలో సరిచేయొచ్చు. వీడు పైన ఫుల్ థ్రాటిల్ గడులు దిద్ది, కిందవాటికి అంచనాగా నాలుగు శాతమో ఐదు శాతమో కలిపేసి ఉంటాడు. కంటికి ఆపరేషన్ అని తీసుకెళ్లి క్రాఫు చేసి పంపినట్టుంది.

ఇంకా ఉంది. పొద్దున సైడు ప్యానెల్ తీసి చూస్తే ఆక్సిజన్ సెన్సార్ వైరు ఊడదీసి, జిప్ టైతో ఫ్రేముకి కట్టేసి, దాని చోట ఒక చిన్న నల్ల ప్లగ్గు గుచ్చాడు. ఆ సెన్సార్ చేసే పనే నెమ్మదిగా పోతున్నప్పుడు పొగను వాసన చూసి, పెట్రోలు ఎక్కువైతే తగ్గించమని చెప్పడం. దాని నోరు కట్టేశాక బండికి తెలిసేదెట్లా? వాడు రాసిచ్చిన మ్యాపు ప్రకారం తాగుతూనే ఉంటుంది. వారంటీ సంగతి నేను ఎత్తను, మీరూ ఎత్తకండి.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "ఈ20 అన్నా, పెట్రోల్‌ల దమ్ము లేదిప్పుడు." ఇదొకటి దొరికింది ఈ మధ్య అందరికీ. నిజమే, ఇథనాల్‌లో శక్తి లీటరుకి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, 20 శాతం కలిపితే మైలేజీ కొంత పడుతుంది, కాదనను. కానీ 34 ఇచ్చినప్పుడు నేను పోయించింది పన్నీరా? అదే బంకు, అదే ఈ20! రోజుకి 60 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయల లెక్కన రోజుకి 40 పోతోంది, నెలకి వెయ్యి. పాతది పాతట్టు పెట్టమంటే "1500 అయితది అన్నా, లేబర్" అంట. దొంగ తాళం తిరిగిచ్చి టిప్పు అడిగినట్టు.

అసలు వాడి మీద కాదు నా కోపం. అక్కడికి పంపిందెవరు? మా బావ. "నా పేరు చెప్పు, డిస్కౌంట్ ఇస్తడు" అన్నాడు. చెప్పాను. 12,500 కాస్తా 12,000 అయింది, ఆ 500 చూసుకుని రెండు రోజులు ఫోన్లో నాకు పాఠం, పరిచయాలుంటే ఎట్లుంటదో చూసినవా అని. ఈయన బండ్ల విషయంలో మాట్లాడటమే నాకు ఆశ్చర్యం. 2017లో నా పల్సర్ 150 తీసుకుని శ్రీశైలం పోయి వచ్చిన మనిషి ఈయన. పోయేటప్పుడు నిండు ట్యాంకు, వచ్చేటప్పుడు రిజర్వు, చైను పొడి పొడిగా అరుస్తోంది, ఘాట్ రోడ్డంతా క్లచ్ నొక్కిపట్టి నడిపాడేమో ప్లేట్లు మాడి వాసన. తాళం చేతిలో పెడుతూ ఏమన్నాడు? "బండిల పికప్ లేదురా, ఒకసారి చూపియ్." మా అక్క పక్క నుంచి "పాపం అలిసిపోయి వచ్చిండు, ముందు నీళ్లియ్" అంది. నీళ్లిచ్చాను. క్లచ్ ప్లేట్లు నేనే వేయించుకున్నాను. అక్క మొగుడు కదా, ఏమంటాం.

మన ఊళ్లో బ్రేకు ఉన్న డైనో మీద పావు థ్రాటిల్ దగ్గర కూడా ఓపిగ్గా కూర్చుని చేసేవాళ్లెవరైనా తెలిస్తే మెసేజ్ చేయండి. బెంగళూరు పో, పుణె పో అని మాత్రం చెప్పకండి, పోవడానికి పెట్రోలు లేదు.

బావా, ఇది నువ్వు చదువుతావని తెలుసు, నిన్న రాత్రి మెసేజ్ కూడా చూశాను. ఆదివారం అనంతగిరికి బండి ఇవ్వను. పల్సర్ క్లచ్ ప్లేట్లకి 900 అయింది, రసీదు ఇంకా నా దగ్గరే ఉంది.