మొహమాటానికి పోతే

మా బావది అనంతపురం. కడపలో మా ఇంటివాళ్ళు తప్ప ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు. అయినా మొన్న ఏడు రోడ్ల దగ్గర కడుపునిండా కారం దోసెలు తిని హోటల్ మెట్లు దిగుతుంటే, తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చి, “ఏమప్పా, బాగుండావా? ఎన్నాళ్ళయింది చూసి!” అని చెయ్యి పట్టుకున్నాడు.

బావ నవ్వాడు. “బాగుండా. ఇంట్లో అందరూ కులాసానా?” అన్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. ఎదుటి మనిషి ఎవరో తెలియనప్పుడు ఆయనకు రెండు పళ్ళు ఎక్కువ కనిపిస్తాయి. తర్వాత ఇద్దరూ వానల గురించీ, శనక్కాయల ధర గురించీ మాట్లాడుకున్నారు. ఒక్క ప్రశ్నకూ పేరుతో పనిలేదు. చివరికి ఆయన, “పాప పెళ్ళి పెట్టుకున్యాం, ఇంటికొచ్చి పత్రిక తీసుకోని పోదురు రాండి” అని ఆటో పిలిచాడు. మేమెక్కాం.

ఇదంతా సాయంత్రం ఇంట్లో చెబుతూ బావ, “నాకెంత ఇబ్బందయిందో!” అన్నాడో లేదో, మామ పట్టుకున్నాడు.

మామ రిటైరైన తెలుగు పండితుడు. రోజూ ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయానికి పోయి వస్తాడు. 1820లో కడపకొచ్చి, ఇక్కడే బంగళా కొని, పండితుల్ని పెట్టుకుని తెలుగు మీద పడ్డ బ్రౌన్ దొర, పోతూ పోతూ నిఘంటువు బాధ్యత తనకే అప్పజెప్పినట్టు ఉంటుంది వరస.

“ఇబ్బంది ఎట్లయితాది? ఇబ్బందికి రెండో మనిషి అక్కర్లేదు. చెప్పు కరిచినా ఇబ్బందే, కుర్చీ పొట్టిదైనా ఇబ్బందే. నీది మొహమాటం. దానికి ఎదురుగా ఒక మొహం ఉండాల. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత కూడా ఉంది...” అని, అక్క అక్కడే ఉందని చూసుకుని మిగతా సగం మింగేశాడు. సగం సామెతకే అక్క నవ్వింది కాబట్టి మింగి లాభం లేకపోయింది.

“మరి సిగ్గనొచ్చా?” అన్నాను. సిగ్గు జోలికి పోవద్దన్నాడు మామ. పెళ్ళికూతురు సిగ్గుపడితే ముచ్చట, పెళ్ళికొడుకు తాగొస్తే సిగ్గుచేటు, రెంటికీ మాట ఒకటే. బిడియమైతే కొత్తవాళ్ళ ముందు మొదటి ఐదు నిమిషాలే. కాఫీ వస్తే పోతుంది.

మాకు కాఫీ రాలేదు, సంగటి వచ్చింది. అదీ నాటుకోడి పులుసుతో. లోపల దోసెలు ఇంకా సర్దుకోనేలేదు. వద్దంటే ఏమనుకుంటారోనని బావ ఒక ముద్ద తిన్నాడు. ముద్ద మింగేసరికి ఇంకో ముద్ద పడింది. పెరుగు తెస్తానని ఆయన వంటింట్లోకి పోయాడు. అక్కడి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

“ఎవురు వాళ్ళు? మీ పక్కోళ్ళా?”

“మా పక్కోళ్ళు యాడ? మీ ప్రొద్దుటూరోళ్ళనుకోని పిల్చుకొస్తి!”

బావ చేతిలో సంగటి ముద్ద అక్కడే ఆగిపోయింది. ఆయన పెరుగు గిన్నెతో వచ్చాడు. వెనకే ఆమె కూడా వచ్చింది. నలుగురికీ సంగతి తెలుసు. నలుగురం పెరుగు గురించి మాట్లాడుకున్నాం. చిక్కగా ఉందన్నాడు బావ. ఇంటి బర్రె పాలన్నది ఆమె. ఇంకొంచెం వేశారు.

పోయేటప్పుడు పత్రిక, పెన్ను రెండూ చేతిలో పెట్టి, “పేరు మీరే రాసుకోండప్పా, కళ్ళజోడు యాడో పెడితి” అన్నాడాయన. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. “ఇంటికి పోయి రాసుకుంటాలే” అన్నాడు బావ.

ఇక్కడ మామ ఒప్పుకున్నాడు, ఇది ఇరకాటమని. ముందుకు పోలేక వెనక్కి రాలేక మధ్యలో ఇరుక్కోవడం. “అయితే నామోషీ మాత్రం కాదు. నామోషీ అయ్యుంటే ముద్ద దిగేది కాదు. ఉర్దూలో నామూస్ అంటే పరువు. ఆ పరువులోంచి పుట్టిన మాట మనకాడికొచ్చేసరికి పరువు తక్కువయింది.”

ఈ లెక్కన ఆ ఇంటాయనది ఏమిటన్నది తేలలేదు. బావది మొహమాటమైతే ఆయనది మర్యాద అన్నాడు మామ. కోడి ఖర్చు పెట్టినవాడిదే పెద్ద మొహమాటం అన్నాను నేను. బావ ఏమీ అనలేదు. జీలకర్ర నములుతున్నాడు.

అక్కకు మాటల గొడవ పట్టలేదు. పత్రిక తెరిచి చదివింది. ఆయన పేరేమిటో అప్పుడు తెలిసింది మాకు.

“సంగటి తిన్యాక పోకుంటే బాగుండదు. పోదాం సరే, చదివింపుల కాడ ఎవురని రాయిస్తారు?”

బావ చాలాసేపు ఆలోచించి, “కవరు మీద ‘మీ శ్రేయోభిలాషి’ అని రాస్తే సరిపోదా?” అన్నాడు.