ఆకు ముందే దూయాలా, ఎండాక దూయాలా?

పుదీనా, బేసిల్, రోజ్‌మేరీ, థైమ్ లాంటి పరిమళపు మొక్కలను కోశాక కాడతోనే ఎండబెట్టాలా, పచ్చిగా ఉన్నప్పుడే ఆకు దూసి ఆరబెట్టాలా అన్నదే ఇక్కడి తగువు. అన్నయ్యది కాడ పక్షం, చెల్లెలిది ఆకు పక్షం. నా మొగ్గు చెల్లెలి వైపేనని ముందే చెబుతున్నాను.

అన్నయ్య: పచ్చి ఆకు దూశాక నీ వేళ్లు వాసన చూసుకో, ఎంత పోగొట్టుకున్నావో తెలుస్తుంది. పుదీనా ఆకు మీద కంటికి సరిగా ఆనని గ్రంథులుంటాయి. ఆ ఘాటంతా వాటిలోని నూనెదే. వేలు గట్టిగా తగిలితే అవి చితికి, నూనె గాలిలో కలిసిపోతుంది. నలిగిన చోట ఆకు నల్లబడుతుంది కూడా. అదే గుత్తిగా కట్టి తలకిందులుగా వేలాడదీస్తే ఆకును ముట్టుకునే పనే లేదు.

చెల్లి: ఎన్నాళ్లు ముట్టుకోకుండా ఉంటావు అన్నయ్యా? చివరికైనా దూయాల్సిందేగా. ఎండిన ఆకు దూసేటప్పుడు పొడి రాలుతుంది చూడు, అందులో ఆ గ్రంథులూ ఉంటాయి. గదంతా ఘుమఘుమలాడుతోందని మురిసిపోతాం గానీ, సీసాలోకి వెళ్లాల్సిన వాసన అది. పైగా పచ్చి ఆకును నలపమని ఎవరన్నారు? తొడిమ దగ్గర కత్తెర పెడితే సరిపోతుంది.

అన్నయ్య: అన్ని కాడలకూ కత్తెర పెట్టే ఓపిక ఎవరికుంది?

చెల్లి: సరే, నీ కట్టల సంగతే చూద్దాం. పైన ఆకు గలగలలాడుతుంటుంది. విప్పి నడుమ వేలు పెట్టు. అక్కడ ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయి, నల్లగా, మెత్తగా తగులుతాయి. కణుపు దగ్గర తెల్లటి బూజు. కోసినప్పుడు పుదీనా బరువులో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు నీళ్లే. అదంతా బయటికి పోవడానికి దారి ఉండాలా వద్దా? బూజు పట్టాక దులిపి వాడుకుందామంటే కుదరదు. కొన్ని బూజులు వదిలే విషాలు మరిగించినా పూర్తిగా పోవు.

అన్నయ్య: అది లావు కట్టలు కట్టేవాళ్ల పొరపాటు, పద్ధతిది కాదు. నేను ఐదారు కాడలకు మించి కట్టను. ఎండేకొద్దీ కాడలు సన్నబడి దారంలోంచి జారిపోతాయి, అందుకే రబ్బరు బ్యాండు వేస్తాను. వెలుతురు తగిలితే ఆకుపచ్చ రంగు వెలిసిపోతుంది కాబట్టి చీకటి గదిలో ఉంచుతాను. ఫ్యాను గోడవైపు తిప్పి పెడతాను. అలా నిదానంగా ఆరితేనే వాసన నిలుస్తుంది. తొందరపడి ఓవెన్‌లో పెట్టేవాళ్లకు రంగూ వాసనా రెండూ దక్కవు.

చెల్లి: ఓవెన్ సంగతి నేనూ ఒప్పుకోను. 40 డిగ్రీల లోపే ఉండాలన్నది నా మాట కూడా. కానీ నిదానం అన్నివేళలా మేలు చెయ్యదు. బేసిల్ కోశాక కూడా ఆకులో ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. తడి ఎక్కువసేపు నిలిస్తే అది నల్లబడేది వాటివల్లే. ముసురు పట్టి గాలే చెమ్మగా ఉన్న రోజుల్లో నీ కట్ట ఎప్పటికి ఆరాలి? జల్లెడలాంటి వల మీద ఒక్క పొరగా పరిస్తే ఆకుకు పైనా కిందా గాలి ఆడుతుంది.

(ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఆకు ఎండినట్టు తోచినా కాడలో నీరు ఉంటుంది. రెండింటినీ కలిపి సీసాలో పెడితే ఆ చెమ్మ ఆకులోకి పాకి, మళ్లీ మెత్తబడుతుంది.)

అన్నయ్య: రోజ్‌మేరీ దగ్గర నీ మాట చెల్లదు. తోలులాంటి ఆకు అది. పచ్చిగా లాగితే కాడ తొక్కతో సహా ఊడొస్తుంది. ఎండాక కొస పట్టుకుని మొదలు వైపు వేళ్లు జార్చితే మొత్తం రాలిపోతుంది. ఇక థైమ్ ఆకు మరీ చిన్నది, పచ్చిగా ఒక్కొక్కటీ కత్తిరిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

చెల్లి: ఆ రెండూ నీవే, నేను వాదించను.

అన్నయ్య: ఇంకొకటి. కాడ పుటుక్కున విరిగితే ఎండినట్టు, వంగితే తడి ఉన్నట్టు. నీ దగ్గర ఆ గుర్తు ఏది?

చెల్లి: ఆకు పెళపెళమని పొడి కావాలి. ఆ తర్వాత గాజు సీసాలో పోసి మూత బిగిస్తాను. ఒకటి రెండు రోజుల్లో లోపల ఆవిరి పట్టిందంటే మళ్లీ తీసి ఆరబెడతాను. పట్టకపోతే అలాగే, పొడి చెయ్యకుండా ఆకుగానే ఉంచుతాను. పొడి చేస్తే వాసన త్వరగా పోతుంది. ఈ పరీక్ష నీకూ అవసరమే.

అన్నయ్య: చేస్తాను. రోజ్‌మేరీ జోలికి మాత్రం రాకు.

చెల్లి: రాను. పుదీనా కట్టలు మాత్రం ఇవాళే విప్పు.