పన్నెండు అక్షరాల పరీక్ష గారికి ఒక పరగడుపు విన్నపము

నోటి గుండా కడుపులోకి గొట్టం దింపి చూచు పరీక్షయగు మహారాజశ్రీ ఈసోఫగోగ్యాస్ట్రోడ్యుయోడినోస్కోపీ గారి సముఖమునకు, రాత్రి నుంచి మెతుకు ముట్టని కర్నూలు వాస్తవ్యుడొకడు వ్రాసుకొను విన్నపము.

తమరి నామధేయము చీటీ మీద ఒక వరుసలో పట్టలేదట. కంప్యూటరు దానిని ‘డ్యుయో’ దగ్గర తుంచి, మధ్యన చిన్న గీతయినా పెట్టకుండా, ‘డినోస్కోపీ’ని కింది వరుసలోకి నెట్టింది. బీమా కౌంటరులోని అబ్బాయి అవి రెండు పరీక్షలని తేల్చి, మొదటిదానికి అనుమతి ఉన్నదనీ, డినోస్కోపీకి మాత్రం విడిగా తెచ్చుకోవాలనీ ఎంతో మర్యాదగా సెలవిచ్చాడు. బీమా వారికి ఫోను చేస్తే, నేను ‘ఫగో’ దాకా వచ్చిన ప్రతిసారీ అవతలి గొంతు ‘హలో, వినబడుతోందా’ అన్నది.

తమరిని విడదీయడం అంత గహనమా? ఈసోఫగో అంటే అన్నవాహిక, గ్యాస్ట్రో అంటే కడుపు, డ్యుయోడినో అంటే చిన్నప్రేగు మొదలు, స్కోపీ అంటే చూడడం. గొట్టం ఏ వరుసలో దిగుతుందో పేరూ అదే వరుసలో దిగుతుంది కనుక, విరగక తప్పకపోతే ఆ అతుకుల దగ్గర విరగాలి. ఆ ప్రేగు భాగం పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవుంటుందని ప్రాచీన వైద్యుడు హెరోఫిలస్ గ్రీకులో పెట్టిన పేరే లాటినులో డ్యుయోడినమ్ అయింది. ఆ లాటిను మాటలో ‘డ్యుయో’ అంటే రెండు, మిగతాది పది. కంప్యూటరు ఆ పన్నెండును సరిగ్గా నడుముకు విరిస్తే, రెండు పై వరుసలో ఉండిపోయి, పది కింద పడ్డాయి. అబ్బాయికి రెండు పరీక్షలు కనబడడంలో వింతేమున్నది?

పలకడం మరొక తంటా. ఇంగ్లీషు నిఘంటువు ‘నాస్’ అని ఆగి అక్కడే నొక్కమంటుంది. మన లిపి ఆ ‘స్’ను లాగి ‘కో’కు తగిలిస్తుంది. దానితో అందరూ మొదటి నాలుగక్షరాలు నమిలి, ‘అదే, ఎండోస్కోపీ’ అని తప్పుకుంటారు.

1868లో కుస్‌మాల్ అనే జర్మన్ వైద్యుడు కడుపులోకి బిరుసు గొట్టం దింపి చూడడానికి కత్తులు మింగే ఆటగాడిని పట్టుకున్నాడు. పాపం, అతడు గొట్టం మింగాడే గాని, బీమా కౌంటరు ముందు నిలబడి నీ పేరు చెప్పవలసిన ఖర్మ అతనికి పట్టలేదు. నాకు పట్టింది, అదీ ఎదురు బండి మీద బజ్జీలు వేగుతుండగా!

చివరికి డాక్టరమ్మ ఆ రెండు వరుసలూ కొట్టివేసి, తమరి ఇంగ్లీషు పొట్టి పేరు ‘ఓజీడీ’ అని కలంతో వ్రాయగానే అనుమతి వచ్చింది. అప్పటికి గదికి తాళం వేశారు. రేపు మళ్లీ పరగడుపున రమ్మన్నారు. మూడక్షరాలతో తీరే పనికి ఆ మిగతా తొమ్మిదీ ఎవరిని ఉద్ధరించడానికి తగిలించుకున్నావయ్యా?