కింది గదిలోని సీడీ రైటర్ గారికి

విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర, మేడ మీది గది నుంచి.

అయ్యా,

తమరికీ నాకూ మధ్య పద్దెనిమిది మెట్లు, రెండు సిస్టమ్‌లనీ కలిపే ఒక నీలం నెట్‌వర్క్ వైరు ఉన్నాయి. వైరుంది కదా, మెట్లెందుకు అనుకోవడమే నేను చేసిన నేరం.

ఓ ఆఫీసులో ఫైలు కదలాలంటే ప్లాను కాపీ సీడీలోనే ఇవ్వాలట. పెన్‌డ్రైవ్ ముట్టుకోరట. తమరికింకా మర్యాద మిగిలిన చోటు అదొక్కటే. సరేనని కింది సిస్టమ్‌లో తమరిని షేర్ చేసి పైకొచ్చి చూస్తే, నెట్‌వర్క్‌లో దర్శనమిచ్చారు. ఎవరిదో పాత పెళ్లి సీడీ తమరి పొట్టలో ఉండిపోయినట్టుంది, అక్షింతల ఘట్టం దాకా మేడ మీద నుంచే చూశాను కూడా. తీరా రైట్ చేద్దామంటే, సాఫ్ట్‌వేర్ అసలు రైటరే లేదు పొమ్మంది. పైడితల్లి జాతరలో సిరిమాను చివర కూర్చున్న పూజారి గారిలా ఊరందరికీ కనిపిస్తారు, ఎవరి చేతికీ చిక్కరు.

ఫైర్‌వాల్ ఆపాను. పర్మిషన్లలో ఫుల్ కంట్రోల్‌కి టిక్కు పెట్టాను. ఆ పేరు పెట్టినవాడు ఎవడో గానీ మహా చమత్కారి. వైరు మార్చాను, రెండు సిస్టమ్‌లూ రీస్టార్ట్ చేశాను. రెండు గంటలయ్యాక బుర్రకెక్కింది: షేరింగ్‌లో పైకొచ్చేవి తమరిలోని ఫైళ్లే, తమరు కాదు. రైట్ చేయాలంటే లేజర్‌కి నేరుగా కమాండ్లు అందాలి. షేర్డ్ ఫోల్డర్ ఫైళ్లు మోస్తుంది గానీ ఆ కమాండ్లు మోయదు.

వైరు చాలదని సాకు చెప్పకండి. సీడీ వేగంలో 1ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు. తమరి 52ఎక్స్ ప్రతాపమంతా కలిపితే 7,800. నా 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల) వైరు, ఎనిమిది బిట్లకో బైటు లెక్క ప్రకారం 12,500 మోయగలదు.

చివరికి ప్లాను కింది సిస్టమ్‌లోకే కాపీ చేసి, కింది సిస్టమ్‌ని పైనుంచే నడిపించే రిమోట్ డెస్క్‌టాప్‌లో దూరాను. ఈసారి రైటర్ కనిపించింది! బర్న్ కొట్టాను. ఖాళీ సీడీ పెట్టమంటూ కింద తమరు ట్రే చాపారు. అది దానంతటదే మూసుకుపోయింది. మళ్లీ ఎజెక్ట్ కొట్టాను. మళ్లీ మూసుకుంది. నాలుగోసారికి కౌంటర్ కుర్రాడి కేక వినబడింది: "సార్, ఇదేటి మాటిమాటికీ నోరు తెరుస్తంది? నాను మూసేస్తన్నాను!"

ఖాళీ సీడీల డబ్బా ఎక్కడుందంటారా? నా టేబుల్ మీదే.

దిగొస్తున్నాను. కాస్త నోరు తెరిచి ఉంచండి.

ఇట్లు,
మేడ మీది డీటీపీ ఆపరేటర్