తోడు పెరుగు గారికి ఒక తిరుపతి ఇల్లాలి మనవి

మహారాజశ్రీ, మా ఫ్రిజ్ పై అరలో చిన్న స్టీలు గిన్నెలో వేంచేసి ఉన్న తోడు పెరుగు గారి సముఖానికి, వంటింట్లో నిలబడి రాసుకునే మనవి ఏమనగా.

మీరుండేది ఒక స్పూను, మీ పెత్తనం మాత్రం ఇంటిల్లిపాది మీద. రాత్రి పది అయితే అందరూ ఫోన్లు పట్టుకుని మంచాలెక్కేస్తారు, నేను మాత్రం పాల గిన్నెలో చిటికెన వేలు పెట్టి చూస్తా నిలబడాల. చుర్రుమనకూడదు, చల్లబడీ ఉండకూడదు. 40, 45 డిగ్రీల మధ్య వేడైతేనే మీలో ఉండే బ్యాక్టీరియాకి ఒళ్ళు వంగుతాదంట, బాగా వేడెక్కువైతే చస్తాయంట, తక్కువైతే ముడుక్కుని పడుకుంటాయంట. ఇన్ని కండిషన్లు పెట్టే అల్లుణ్ణి కూడా నేను చూడలేదు సామీ.

మా ఊరి ఎండాకాలం సంగతి మీకు చెప్పేదేముంది, అర్ధరాత్రి కూడా గోడలు కాగుతానే ఉంటాయి, చుక్క ఎక్కువ వేస్తే తెల్లారేసరికి నోట్లో పెట్టుకోలేనంత పులుపు. అదే డిసెంబర్లో మదనపల్లెలో మా అత్త మిమ్మల్ని బియ్యం డబ్బాలో దించి పైన దుప్పటి కప్పుతాది, నేను చలికి దగ్గుతా ఉంటే మాత్రం "కషాయం కాచుకో" అని ఒక మాట, అంతే. అన్నట్టు మీరు ఆ ఇంటి నుంచి డబ్బాలో వచ్చినోళ్ళే కదా. 2022లో మదనపల్లె వేరే జిల్లాలోకి పోయింది గానీ మీ పుట్టింటి గర్వం మాత్రం ఒక్క చుక్క తగ్గలా.

ఇంక మీరు అయిపోయిన రాత్రి ఉంటాది చూడండి, ఆ తిప్పలు పగవాళ్ళకి కూడా వద్దు. పొద్దున పిల్లోడు గిన్నె నాకేసి పోతాడు, నాకు తెలిసేది పాలు చల్లారినాక. పక్కింటికి పోతే "దీపాలు పెట్టినాక పెరుగు ఇవ్వకూడదు కదమ్మా" అంటారు. మరి తోడు పెట్టేదే దీపాలు పెట్టినాక కదమ్మా! ఈ రూలు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ జన్మలో ఒక్కరోజు కూడా పాలు తోడు పెట్టి ఉండడు. పచ్చిమిరపకాయ తొడిమలు వేస్తే తోడుకుంటాదని యూట్యూబులో చెప్తారు, ఒకసారి తోడుకుంటాది, ఒకసారి పాలు పాలుగానే ఉండి మనల్ని చూసి నవ్వుతాయి.

అసలు నా కడుపు మంట ఇది కాదు. మీరు కత్తితో కోసేట్టు గడ్డగా తోడుకుంటే "పాలు మంచివి" అంటారు, తీగలు సాగితే "నీ చెయ్యి మంచిది కాదు" అంటారు. మా ఆయన కొలెస్ట్రాల్ అని చెప్పి 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలే తెస్తాడు, పెరుగు మాత్రం 6 శాతం ఫుల్ క్రీమ్ పాలతో చేసినట్టు ఉండాలంటాడు. నేను పాలు బాగా మరిగించి, నురుగు తీసి, చల్లార్చి, మిమ్మల్ని స్పూనుతో చితక్కొట్టి కలిపి, కదలకుండా మూల పెడితే, పొద్దునకి మీగడ పిల్లోడికి, నడిమి గడ్డ మామకి, మా ఆయనకి, అడుగున తేలిన పుల్లనీళ్ళు నాకు. 2022 జులైలో ప్యాకెట్ పెరుగుకి 5 శాతం జీఎస్టీ వేసినప్పుడు ఇంట్లో అందరూ టీవీ ముందర కూర్చుని "మనింటి పెరుగే నయం, ట్యాక్స్ లేదు" అని తెగ సంతోషపడినారు. ట్యాక్సూ లేదు, చేసేదానికి కూలీ కూడా లేదు, ఆ రెండో ముక్క మాత్రం ఎవరూ అన్లేదు.

మీకింత పొగరు ఏంటికో నాకు తెలుసులే. కొండ మీద శ్రీవారికి కులశేఖర పడి, అంటే గర్భగుడి గడప, దాటి లోపలికి పోయే నైవేద్యం ఓడులో, అంటే పగిలిన మట్టికుండలో, పెట్టే పెరుగన్నం ఒక్కటేనంట, అంత పేరున్న లడ్డుకి కూడా ఆ భాగ్యం లేదంట. అంత దగ్గరోళ్ళు కదా, ఒకసారి మా సంగతి కూడా ఆయన చెవిన వెయ్యొచ్చు. తిరుపతిలో కాపురం అంటే బంధువులందరికీ కొండకింద సత్రం నడిపినట్టే, దర్శనం టికెట్ బుక్ చేసుకున్నప్పుడే మా ఇంట్లో పెరుగన్నం కూడా బుక్ అయిపోతాది.

ఇంక మీరూ గీరూ చాల్లే. రేపు మా ఆడబిడ్డ వాళ్ళు కొండ దిగి నేరుగా ఇక్కడికే వస్తారు, పెద్ద గిన్నెలో పాలు పెట్టినా, నిన్ను కూడా వేసినా, మూత మీద తడి కిందికి కారకుండా గుడ్డ కూడా కట్టినా. పద్ధతిగా తోడుకున్నావా సరే. లేదంటే అంగట్లో కొన్న పెరుగు ప్యాకెట్ కూరగాయల బుట్ట వెనకాల దాచిపెట్టినా, స్టీలు గిన్నెలో బోర్లించేస్తా. పోయినసారి అట్లే చేస్తే మా మామ వేళ్ళు నాక్కుంటా "ఇంటి పెరుగంటే ఇట్లుండాల" అన్నాడు.