అసలు ముగింపుకి కూడా వేరే బిల్లా?

గేమ్ కొన్నాం. డబ్బు కట్టాం. అయినా మెనూలో ఒక తాళం బొమ్మ. నొక్కితే మళ్లీ డబ్బు. గేమ్‌కి తోడుగా విడిగా డౌన్‌లోడ్ చేసుకునే ఇలాంటి ముక్కల పేరే డీఎల్‌సీ. ఇదేం న్యాయమండీ?

"డీఎల్‌సీ లేకపోతే ఏం పోయింది, అసలు గేమ్ ఉందిగా" అంటారు కొందరు. ఏం పోయిందా? 2012లో వచ్చిన 'అసురాస్ రాత్' చూడండి. మొత్తం ఆడేశాక కూడా అసలు ముగింపు ఉండదు. అది విడిగా కొనుక్కోవాలి! భోజనానికి ముందే డబ్బు తీసుకుని, పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి ఇంకో బిల్లు పెట్టినట్టు. అదే ఏడాది 'మాస్ ఎఫెక్ట్ 3'. ఎప్పుడో అంతరించిపోయిందని ముందు గేముల నిండా చెప్పిన ప్రోథియన్ జాతిలో చివరివాడు జావిక్. అంత ముఖ్యమైనవాణ్ణి విడుదల రోజే పది డాలర్లకి విడిగా అమ్మారు. 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' ఇంకా ఘోరం. 12 మంది ఫైటర్లు డిస్కులోనే ఉన్నారు, తాళం వేసి! డిస్కు మన ఇంట్లో, తాళంచెవి వాళ్ల దగ్గర.

గుర్రానికి కవచం అమ్ముకోండి, నాకేం బాధ లేదు. 2006లో 'ఆబ్లివియన్'లో అమ్మారుగా, రెండున్నర డాలర్లకి. అది లేకపోయినా ఆట ఆటే. 'విచర్ 3' వాళ్లు 16 చిన్న డీఎల్‌సీలు ఉచితంగా ఇచ్చి, ఆ తర్వాత 'బ్లడ్ అండ్ వైన్' అనే పెద్ద కొత్త కథ అమ్మారు. అది నిజంగా అదనం. సంతోషంగా కొంటాం. కోసి పక్కన పెట్టుకున్న ముక్కని "ఎక్స్‌ట్రా" అంటే ఎవరు ఒప్పుకుంటారు?

పైగా ఏడాది తిరగ్గానే సగం ధరకి 'కంప్లీట్ ఎడిషన్' అట. మరి మొదటి రోజే పూర్తి ధర పెట్టి కొన్నవాడి దగ్గరున్నదేంటి, ఇన్‌కంప్లీట్ ఎడిషనా?