తాళాల గుత్తి, తొమ్మిదో ట్రాకు

నాకు ఫిట్స్ లేవు. చెవుడు కూడా లేదు. ఇవాళ మధ్యాహ్నం ఒక హాలు నిండా ఉన్న జనం ఈ రెండూ ఉన్నాయని తేల్చేసి, బోలెడంత జాలిపడి, నన్ను ఆటో ఎక్కించి పంపించారు. ఒళ్ళంతా ఇంకా ఉల్లిపాయ వాసనే.

ఆఫీసు పేరు చెప్పను, మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. మా ఇంటి నంబరులో ఒక అంకె వాళ్ళ కంప్యూటర్లో తప్పు పడింది. తప్పు వాళ్ళది, తిరుగుడు నాది. టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. గోడమీద బోర్డులో ఎర్రంకెలు వెలుగుతున్నాయి గానీ మారడం లేదు. పొద్దున్నించీ అదే నంబరు అని పక్కాయన చెప్పాడు. నంబర్లు పిలిచేది అద్దం వెనకాల కూర్చున్న ఒకమ్మాయి. మైకు లేక కాదు, ఉంది. కొన్న రోజున వచ్చిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బల్లమీద భద్రంగా ఉంది. ఆ అమ్మాయి అన్నది మొదటి వరసకి సగం వినబడుతుంది, రెండో వరస మొదటి వరసని అడిగి తెలుసుకుంటుంది. నేను మూడో వరస. విశాఖ ఉక్కపోత సంగతి మీకు చెప్పేదేముంది, సముద్రం అంత దగ్గర్లో ఉన్నా ఆ హాల్లోకి రావాలంటే గాలి కూడా టోకెన్ తీసుకోవాల్సిందే.

అందుకని చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఆల్బం మొదలెట్టాను. ఆల్బం నా ఎంపిక కాదు, మా మేనల్లుడిది. వాడు ఎంవీపీ కాలనీలో గిటార్ క్లాసుకి వెళ్తాడు. "మావయ్యా, నువ్వు ఏ పాటైనా పల్లవి వినేసి ఆపేస్తావు. ఇది మాత్రం మొదట్నుంచి చివరిదాకా వరసగా వినాలి, ఒక్కటి కూడా దాటెయ్యకూడదు" అని షరతు పెట్టి మరీ పంపించాడు. అమెరికన్ గిటారిస్టు జో సాత్రియాని 1987లో తెచ్చిన 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్'. పది ట్రాకులు, మొత్తం నలభై నిమిషాలు కూడా ఉండదు, పాడేవాడు లేడు. సర్ఫింగ్ అంటే రుషికొండ దగ్గర కుర్రాళ్ళు చెక్కమీద నిలబడి పడిపోవడమే నాకు తెలుసు. ఈ ఆల్బం అట్టమీద చెక్కెక్కి వచ్చేవాడు మార్వెల్ కామిక్స్ సిల్వర్ సర్ఫర్. తర్వాత్తర్వాత ఆ బొమ్మ వాడుకునే హక్కు గడువు తీరిపోయి, కొత్తగా వేసిన అట్టల మీంచి ఆయన్ని దింపేశారు. అక్కడా కాగితాల గొడవే అన్నమాట. నాకు కొంచెం ఊరట కలిగింది.

ఈ సాత్రియాని జీవితచరిత్ర మా ఇంట్లో భోజనాల దగ్గర నడుస్తూంటుంది. 1970 సెప్టెంబరు 18న పేరుమోసిన గిటారిస్టు జిమి హెండ్రిక్స్ పోయాడు. స్కూల్లో ఫుట్‌బాల్ ప్రాక్టీసులో ఉన్న పద్నాలుగేళ్ళ సాత్రియానికి ఆ కబురు తెలిసిందిట. తిన్నగా కోచ్ దగ్గరికెళ్ళి, ఆట మానేస్తున్నాను, గిటారిస్టునవుతాను అని చెప్పేశాడుట. మావాడు బీటెక్ మూడో ఏడు కాబట్టి, కథ ఈ ఘట్టానికి రాగానే మా అక్క టీవీ సౌండు పెంచుతుంది. ఆ గిటారిస్టు తర్వాత పాఠాలు చెప్పి బతికాడు, గిటారిస్టులు స్టీవ్ వాయ్, మెటాలికా బ్యాండు కర్క్ హామెట్ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే అనేసరికి అక్క కాస్త మెత్తబడుతుంది. ట్యూషన్లంటే ఆవిడకి గౌరవం. మొదటి ఆల్బంకి డబ్బుల్లేక క్రెడిట్ కార్డు మీద లాగించాడన్న సంగతి మాత్రం వాడు అక్క వంటింట్లోకి వెళ్ళాకే చెబుతాడు.

బాగుంది ఆల్బం. మొదటి ట్రాకులోనే గిటార్ ఎవరితోనో తగువు పెట్టేసుకుంది. పల్లవి ఉంది, చరణం ఉంది, మాటలు లేవంతే. పాడేవాడి ఉద్యోగం కూడా గిటారే చేసుకుపోతోంది. డ్రమ్స్ చాలా చోట్ల మిషనువేనట, ఎక్కడా అలుపు లేదు. నాలుగోది 'ఆల్వేస్ విత్ మీ, ఆల్వేస్ విత్ యూ' నెమ్మదిగా, హాయిగా సాగుతూంటే అద్దం వెనక పెదవులు కదిలాయి. బోర్డు చూశాను. పొద్దుటి నంబరే. ఎనిమిదోది 'లార్డ్స్ ఆఫ్ కర్మ'. సితార్ ధ్వని ఇచ్చే ఎలక్ట్రిక్ గిటార్ కూడా మోగుతుంది అందులో. పేరు చూడగానే, కౌంటర్ల వెనక కూర్చున్నవాళ్ళని ఆయన ఎప్పుడు చూశాడా అనిపించింది.

ఇక తొమ్మిదోది, 'మిడ్‌నైట్'.

దీని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మామూలుగా గిటార్‌కి ఎడమచేతి వేళ్ళు మెట్లమీద తీగల్ని నొక్కుతాయి, కుడిచెయ్యి మీటుతుంది. ఇందులో మీటే పని లేదు. రెండు చేతుల వేళ్ళూ మెట్లమీదే ఆడుతూ తీగల్ని తడతాయి. టాపింగ్ అంటారు. ఒక చెయ్యి కింద స్వరాలు పట్టుకుని నడిపిస్తూంటే రెండోది పైన పలుకుతుంది, ఒక్కడే ఇద్దరి పని చేస్తాడు. (ఆ కౌంటర్లలో ఇద్దరు ఒకడి పని కూడా చేయడం లేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చి, నాకు తన్మయత్వం ఇంకా పెరిగింది.) నా ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలుంది. నిలువుగా పట్టుకుంటే గిటార్ మెడకి సరిపోయింది. కళ్ళు మూసుకున్నాను. పది వేళ్ళూ వాటంతటవే ఫైలుమీద తట్టడం మొదలెట్టాయి. మోకాలు తాళం అందుకుంది.

మొహం సంగతి కూడా దాచను. ఈ రకం సంగీతానికి ఒక మొహం ఉంటుంది. ఏ గిటారిస్టునైనా చూడండి, పైస్థాయిలో తీగ లాగి పట్టుకున్నప్పుడు కనుగుడ్లు పైకి పోతాయి, కింది పెదవి ఒక పక్కకి వంకర తిరుగుతుంది, పన్ను పీకుతున్నప్పుడు కూడా మనిషి అంత బాధపడడు. అది విద్యలో భాగం. పెళ్ళిలో సన్నాయి ఆయన బుగ్గలు బూరెల్లా ఉబ్బించి, కళ్ళు ఎర్రబడేలా వాయిస్తాడు. ఆయన చేతిలో ఎవరైనా తాళాలు పెట్టారా?

నా చేతిలో పెట్టారు. కుడి అరచేతిలోకి చల్లగా, బరువుగా ఏదో వచ్చిపడింది. దాని మీద ఇంకో చెయ్యి, ఆ చెయ్యి మీద మరో రెండు చేతులు పడి, నా పిడికిలి బలవంతంగా మూసేశాయి. కళ్ళు తెరిచేసరికి పైకప్పు కనబడటం లేదు, మొహాలే. అన్ని నోళ్ళూ కదులుతున్నాయి. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపే రకం ఇయర్‌బడ్స్ అవి, దానికోసం ఎక్కువ డబ్బు పోశాను కూడా. అంచేత ఆ నోళ్ళన్నిట్లోంచీ నాకు వినబడింది సాత్రియానియే. ఒకాయన పెదవులకి, గిటార్‌కి చక్కగా కుదిరింది కూడా.

ఎవరో నా ఫైలు లాక్కుని విసరడం మొదలెట్టారు. ఆ విసురుకి కుడిచెవిలోది ఊడి కిందపడింది. అప్పుడు వినబడింది అసలు కచేరీ.

"ఇనపదేనమ్మా, బీరువా తాళం కూడా ఉంది అందులో. గట్టిగా ఒత్తండి, ఒదిలీకండి!"

"తాళాలు ఏటీ పనిచెయ్యవమ్మా. చేతిలో గానీ నోట్లో గానీ ఏటీ పెట్టకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, అంతే. మాకు ప్లాంటులో ట్రైనింగిచ్చారు."

ఈ రెండోమాట అన్నది రిటైరయిన పెద్దాయన. డాక్టర్లు చెప్పేదీ అదే. ఆ హాల్లో శాస్త్రం సరిగ్గా తెలిసిన మనిషి ఆయనొక్కడే, ఆ శాస్త్రం ప్రయోగించింది మాత్రం నా మీద. తాళాలావిడ ఒప్పుకోలేదు. వాళ్ళ మరిదికి మూడుసార్లు తాళాలతోనే తగ్గిందట. ఆయన నన్ను ఎడమపక్కకి తిప్పుతూంటే ఆవిడ చెయ్యి వదలకుండా అటువైపు లాగుతోంది. ఈలోగా ఉల్లిపాయ పార్టీ వచ్చింది. రైతుబజారు సంచీతో కూర్చున్న ఒకాయన ఉల్లిపాయ ఇచ్చాడు. కోసి చూపించాలన్నారు. కత్తి లేదు. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా పంటితో కొరికి, కొరికిన వైపు నా ముక్కు కింద పెట్టాడు. పరోపకారం ఇంత దగ్గర్నించి నేనెప్పుడూ చూడలేదు.

"నాకేం కాలేదండీ, పాట వింటున్నాను" అన్నాను.

హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం. తర్వాత పెద్దాయన అందరివైపూ తిరిగి, తల పంకించి, "సూశారా? పాట వినబడతాందంట. ఫిట్స్ ముందు కొంతమందికి అలాగే వినబడతాది" అన్నాడు. అదీ నిజమేనని ఇంటికొచ్చాక తెలిసింది. కొన్ని రకాల మూర్ఛల్లో లేని శబ్దాలు వినిపిస్తాయిట. ఆయనకి ట్రైనింగు ఇచ్చినవాడు మరీ బాగా ఇచ్చాడు.

ఇంతలో ఒక పిల్లాడు బెంచీ కిందనించి ఇయర్‌బడ్ తీసి, "ఈయన చెవిలోంచి పడింది" అన్నాడు.

"చెవి మిషనండి అది."

"అయ్యో, చెవుడు కూడానా!"

అక్కణ్ణించి నాతో మాట్లాడాలనుకున్న ప్రతివాళ్ళూ నా చెవి దగ్గరకొచ్చి గావుకేక పెట్టడం మొదలెట్టారు. "బాబూ! మీ ఇల్లెక్కడా!" "భయపడకండీ!" "నూట ఎనిమిదికి చేశామూ!" చేయలేదు, సిగ్నల్ లేదుట. ఒకరు కేజీహెచ్ ఆస్పత్రి అన్నారు, ఇంకొకరు ముందు కాస్త సోడా పట్టించమన్నారు. నాలాగే పొద్దున్నించీ కూర్చుని విసిగిపోయిన జనం కదా, చెయ్యడానికి ఒక పని దొరికింది, ఉత్సాహంగా చేశారు.

నన్ను ఇద్దరు రెక్కలు పట్టుకుని అద్దం దగ్గరికి నడిపించారు. ముందు ఈయన పని చేసి పంపించెయ్యమ్మా అన్నారు. అమ్మాయి నా టోకెన్ చూసింది.

"ఇది ఎప్పుడో అయిపోయిందండీ. మూడుసార్లు పిలిచాను. వినబడలేదా?"

వెనకనించి హాలు మొత్తం ఒకే గొంతుతో, "ఆయనకి వినబడదమ్మా!"

మొదటి వరస, రెండో వరస, మూడో వరస, అందరూ. ఆ అమ్మాయి పిలుపు పక్కవాళ్ళనడిగి తెలుసుకుంటూ కూర్చున్నవాళ్ళే. బోర్డు వైపు వేలు చూపించాను. ఆ వేలు వణుకుతోందని ఎవరో పట్టుకున్నారు. అమ్మాయి మొహంలో కూడా జాలి వచ్చేసింది. గొంతు పెంచి, ప్రతి అక్షరం విడివిడిగా, అద్దం అదిరేలా అడిగింది: "సదరం సర్టిఫికెట్ ఉందా అండీ? ఉంటే మీకు లైను అక్కర్లేదు!" అంత గొంతు ఉంది ఆ పిల్లకి! పొద్దున్నించీ ఎక్కడ పెట్టిందో.

లేదన్నాను. తెచ్చుకోమంది. కౌంటర్ మూసేశారు, లంచ్.

మేనల్లుడికి ఫోన్ చేసి ఇదంతా చెబితే పూర్తిగా విని, "అయితే 'ఎకో' వినలేదా? ఒక్క ట్రాకు ముందు ఆపేశావా మావయ్యా?" అన్నాడు. పెట్టేశాను.

ఇప్పుడే చొక్కా తీస్తూ జేబు చూసుకున్నాను. తాళాల గుత్తి. ఇయర్‌బడ్ తీసుకున్న కంగారులో దాన్నీ వేసేసుకున్నట్టున్నాను. ఇంటి తాళం ఉంది, బీరువాది ఉంది, స్కూటీది కూడా ఉంది, సింహాద్రి అప్పన్న బొమ్మ వేలాడుతోంది. ఆఫీసుకి ఫోన్ చేస్తున్నాను, మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆవిడ ఎవరితోనో పెందుర్తి వెళ్ళాలని అంటూంటే విన్నట్టు గుర్తు. అటువైపు ఈ సాయంత్రం ఒకావిడ వాకిట్లో మెట్లమీద కూర్చుని బ్యాగు దులుపుకుంటూ కనబడితే, తాళాలు క్షేమంగా ఉన్నాయని చెప్పండి. వచ్చి పట్టుకెళ్ళమనండి. తలుపు మామూలుగా కొడితే చాలు, నాకు వినబడుతుంది.